రెండు సమాధుల బొమ్మ

మరిపెడ,
జూలై మొదటి వారం.

చిరంజీవి ప్రసన్నా,

ఉత్తరం చూసి బెదరకు, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోన్ ఉండగా ఈ కాగితాలేమిటని అడుగుతావు. నా చెవుల సంగతి నీకు తెలిసిందే. ఫోన్‌లో నీ గొంతు రేకుల మీద వాన పడ్డట్టు వినిపిస్తుంది, మాట మాత్రం ఒక్కటీ అందదు. పోనీ వాట్సాప్‌లో రాద్దామంటే, ఉద్యోగమంతా నల్లబల్ల మీద రాసిన చేయి నాది. ఆ అద్దాన్ని వేలితో పొడుస్తుంటే కోడి గింజలేరుకున్నట్టు ఉంటుంది.

అసలు సంగతికి వస్తాను. నేనొక కథ రాశాను. నవ్వింది చాలు, ఇక చదువు. ముప్పై ఏళ్లు పిల్లల వ్యాసాలు దిద్దినదాన్ని, ఒక కథ రాయలేనా? హైదరాబాదులో ఒక మాసపత్రికవాళ్లు దాన్ని తీసుకున్నారు. జనవరి సంచికలో వేస్తారట. సంపాదకురాలు వినోద గారని, చాలా మర్యాదస్తురాలు. బొమ్మలు ఎవరిచేత వేయిద్దామని అడిగింది. నా మేనకోడలు వేస్తుందని చెప్పేశాను. నిన్ను అడగలేదు. అడిగితే నెల రోజులు ఆలోచిస్తావు, ఆ తర్వాత స్కూటీ ఎక్కి ఎటో పోతావు.

నువ్వు ఇంటర్లో ఉండగా మా పెరట్లో కూర్చుని సీతాఫలం చెట్టును నల్ల సిరాతో గీసి, పైన నీళ్లరంగులు పూశావు గుర్తుందా? ఆ కాగితం ఇప్పటికీ మా ముందుగదిలో ఉంది. అలాంటివి మూడు కావాలి. నవంబరు ఆఖరుకల్లా ఇస్తే చాలునన్నారు. కథ ఇందులోనే పెడుతున్నాను.

ఒక్క మాట. కథ మీ డాడీకి చూపించకు. ఇదంతా కల్పితమే, ఎవరినీ ఉద్దేశించింది కాదు. అయినా చూపించకు.

మీ అత్తమ్మ
రాహేలు


కాజీపేట, వరంగల్.
జూలై మూడో వారం.

అత్తమ్మా,

కల్పితమన్నావు, చూపించవద్దనీ అన్నావు. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన రాసినప్పుడే దొరికిపోయావు.

కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి మేనకోడలిగా, రెండోసారి బొమ్మలేసేదానిగా. విషజ్వరాల రోజుల్లో భర్త పోతాడు. అదే జ్వరంతో భార్య దవాఖానలో ఉంటుంది, మట్టి ఇవ్వడానికి కూడా రాలేదు. అదే వారం ఊరూపేరూ తెలియని రైల్వే కూలీ ఒకతన్ని ఆయన పక్కనే పూడుస్తారు. కర్ర సిలువలు రెండూ మొదటి వానాకాలానికే చెదలు పట్టిపోతాయి. ఆ తర్వాత ప్రతి ఏడూ నవంబరులో వచ్చే సమాధుల పండుగకు ముందు ఆ తల్లి ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి, రెండు సమాధులకూ సున్నం వేస్తుంది. పక్కాయనకు ఎవరూ లేరు కదా అంటుంది. ఎంత బాగా రాశావు అత్తమ్మా. పిల్లలు పక్క సమాధి పనికి ముఖం ముడుచుకోవడం, ఆ పని ముగించే వరకూ తల్లి అటుకుల మూట విప్పకపోవడం, చదువుతుంటే నాకే ఆకలేసింది.

కాని చివరి పేజీ. తల్లి చనిపోతుంది. కొడుకు తొందరపడి గుంత తవ్విస్తాడు. కూతురు వచ్చి చూసేసరికి తల్లి భర్త పక్కన కాక పరాయి మనిషి పక్కన ఉంటుంది. అక్కడితో కథ అయిపోతుంది.

నానమ్మ పోయినప్పుడు నేను హాస్టల్ నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. నువ్వు స్మశానం గోడ దగ్గర నిలబడి ఉన్నావు, డాడీ గేటు దగ్గర. మధ్యలో మనుషులంతా ఎటు పోవాలో తెలియక తిరుగుతున్నారు. ఆ రోజు నుంచి మీరు మాట్లాడుకోలేదు. ఆరేళ్లయింది. ఎందుకని మమ్మీని అడిగితే, పెద్దోళ్ల ముచ్చట నీకెందుకే అంది. ఇప్పుడు పత్రిక చదివేవాళ్లకంటే ముందు నాకు తెలిసింది.

నువ్వు అడగకపోయినా చెబుతున్నాను. ఈ కథ ఇలాగే అచ్చయితే డాడీ చదువుతాడు. ఆదివారం పూజ అయ్యాక ఎవరో ఒకరు తెచ్చి చేతిలో పెడతారు. తల్లిని పరాయివాడి పక్కన పెట్టిన కొడుకని అచ్చులో చూసుకున్న మనిషి ఇక నీ గడప తొక్కుతాడా? బాగా ఆలోచించు.

బొమ్మలు మాత్రం వేస్తాను. మడికొండలో ఉద్యోగం మానేసి మూడు నెలలైంది. అద్దాల గదిలో కూర్చుని ఎవరిదో మరిచిపోయిన పాస్‌వర్డ్ మార్చి ఇచ్చే పని కన్నా ఇది నయం. డాడీ మాత్రం బొమ్మలతో కడుపు నిండదని రోజుకోసారి గోడకు చెబుతాడు, నాకు వినబడేట్టు.

నిన్న స్మశానానికి పోయి స్కెచ్‌లు గీసుకొచ్చాను. అక్కడ కాపలా ఉండే రాయమల్లును మా తాత సమాధి ఏదని అడిగాను. "అందరు పండుకున్నోళ్లే బిడ్డా, లేసి చెప్పేటోడు ఒక్కడు లేడు" అన్నాడు. గేటు నుంచి చూస్తే ఆ రెండు సమాధుల్లో గోడవైపు ఎడమది, దారివైపు కుడిది, దానికి కుడివైపు నానమ్మ.

తల్లి స్కెచ్ ఒకటి ఇందులో పెడుతున్నాను, ఆ వయసులో నానమ్మ ముఖం ఎలా ఉండేదో రాయి. ఒక చిక్కు ఉంది. నువ్వు "తల్లి సమాధి దగ్గర వంగింది" అని రాసి తప్పించుకోవచ్చు. నేను తప్పించుకోలేను. ఆమెను ఎక్కడో ఒకచోట నిలబెట్టాలి. సిరాతో గీశాక చెరగదు. ఏ సమాధి దగ్గర?

నీ
ప్రసన్న


మరిపెడ,
ఆగస్టు.

ప్రసన్నా,

ఎడమ సమాధి దగ్గర. అందులో చర్చ లేదు.

స్కెచ్ అందింది. అమ్మను దేవతలా వేశావు, అది తప్పు. పనికి వంగినప్పుడు అమ్మ కుచ్చిళ్లు మోకాళ్ల పైకి దోపుకునేది. కొప్పు పెట్టేది కాదు, జుట్టు పట్టి బిగించి ఒక ముడి వేసేది, బడి గంట కొట్టే తాడుకు వేసినట్టు. సున్నం కుండలో కాదు, పాత డాల్డా డబ్బాలో కలిపేది. కుంచె కొనేది కాదు, కొబ్బరి పీచు కట్టేది. చెప్పుల్లేవు. ఆ పాదాలు వెయ్యి, వాటిని చూస్తే చాలు ఆమె ఎవరో తెలుస్తుంది.

ముఖం ఎలా ఉండేదని అడిగావు. ఆ వయసు ఫొటో లేదు. అద్దం ముందు కూర్చో. ఏదైనా నచ్చనప్పుడు నీ కింది పెదవి ఒక పక్కకు పోతుంది చూడు, అది అమ్మదే. మీ డాడీకి రాలేదు, నాకు రాలేదు, మమ్మల్ని దాటి నీ దగ్గరికి వచ్చింది.

రంగులు ఎక్కువ పెట్టకు. నీకు ఆకుపచ్చ దొరికితే ఆగవు.

ఇక నువ్వు హెచ్చరించిన సంగతి. తమ్ముడు చదివితే చదవనీ. ఆరేళ్లలో ఒక్కసారి అక్కా అని పిలవనివాడు గడప తొక్కకపోతే కొత్తగా పోయేదేముంది? బాపు ఒకవైపు, అమ్మ ఒకవైపు, మధ్యలో ఎవరో. పండుగకు వచ్చి ఆ వరుస చూడలేకే నేను రావడం మానేశాను. ఆ సంగతి వాడికి తెలియాలి.

నీ ఉద్యోగం గురించి నేను ఏమీ అనను. మీ మామయ్య అంటాడు, నాకు సరిగ్గా వినిపించదు.

అత్తమ్మ


కాజీపేట,
సెప్టెంబరు మొదటి వారం.

అత్తమ్మా,

జరగకూడదనుకున్నది జరిగింది. నా తప్పు లేదని చెప్పను, కాని సగం తప్పు వానది.

నీళ్లరంగు పూసిన కాగితం ఆరేటప్పుడు అంచులు లేచి అప్పడంలా వంకర తిరుగుతుంది. ఈ ముసురుకు మరీను. దాన్ని చదును చేయాలంటే బరువైనదేదైనా మీద పెట్టాలి. మన ఇంట్లో అన్నిటికన్నా బరువైనది తాత కాలం నాటి బైబిలు. మొదటి బొమ్మ ముగించి, నువ్వు చెప్పినట్టే ఎడమ సమాధి దగ్గర నానమ్మను వంచి, ఆ బైబిలు కింద పెట్టి చాయ్ తాగడానికి బయటికి పోయాను. డాడీ సాయంత్రం ప్రార్థనకు రోజూ మమ్మీ చిన్న బైబిలే తీసుకుంటాడు. ఆ రోజు ఆమె దాన్ని చర్చిలో మరిచిపోయి వచ్చిందట.

నేను తిరిగి వచ్చేసరికి డాడీ అద్దాలు పెట్టుకుని, బొమ్మను రెండు చేతులతో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఇదెవరని అడిగాడు. కథకు వేసిన బొమ్మన్నాను.

"కథ బొమ్మ గాదు ఇది. మా అమ్మ" అన్నాడు.

చాలాసేపు చూశాడు. పాదాల మీద వేలు పెట్టబోయి, రంగు అంటుతుందేమోనని వెనక్కి తీసుకున్నాడు. తర్వాత, సున్నం ఇంత తెల్లగా ఉండదు, అమ్మ నీలిమందు ఎక్కువ కలిపేది, తెల్లారేసరికి సమాధులు నీలంగా కనిపించేవని చెప్పాడు. నేను ఎంత సంతోషించానో చెప్పలేను. నా బొమ్మ చూసి డాడీ తప్పు పట్టడం ఇదే మొదటిసారి. ఇదివరకు అసలు చూసేవాడే కాదు. ఆ సంతోషం నిమిషం నిలవలేదు. వేలు ఎడమ సమాధి మీదికి పోయింది.

"గీడ గాదు. కుడి దిక్కుది" అన్నాడు. అప్పుడు కథ ఎవరిదని అడిగాడు.

అబద్ధం చెప్పలేకపోయాను. కాగితాలు తీసుకుని నిలబడే మొత్తం చదివాడు. రైల్వేలో గార్డుగా పనిచేసిన మనిషి కదా, ఎంతసేపైనా నిలబడగలడు. చివరి పేజీ రెండుసార్లు చదివినట్టున్నాడు. ఆ సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన జరగలేదు.

మర్నాడు తనంతట తానే చెప్పాడు. నానమ్మను పూడ్చిన రోజు మబ్బు పట్టింది, నీ బస్సు ఆలస్యమైంది, ఫాదర్ గారు ఇంకో ఊరికి పోవలసి ఉంది. ఆగే వీలు లేక కుడి సమాధి పక్కన తవ్వించాడు. నువ్వు వచ్చీ రాగానే అందరి ముందూ, "అమ్మను పరాయోని పక్కన పండవెట్టినవ్" అన్నావట. ఆ మాట ఇంకా చెవుల్లోనే ఉందన్నాడు. కుడిది తాతదని నీకెట్లా తెలుసు డాడీ అని అడిగాను. చిన్నప్పుడు ఒకసారి సున్నం పనికి పోయినప్పుడు తను ఆ సమాధి మీద కూర్చున్నాడట. దిగమంటుందని భయపడుతూ, ఇది బాపుదేనా అమ్మా అని అడిగాడట. "అవు కొడుకా, అదే. కూసో" అందట నానమ్మ.

అత్తమ్మా, అమ్మ నోటి మాట పట్టుకుని చేశాడు. పౌరుషానికి చేసింది కాదు. ఎడమ సమాధి దగ్గర నానమ్మను నేనిక వేయలేను. కుడి దగ్గరా వేయను. ఏం చేయాలో నాకు తోచడం లేదు.

ప్రసన్న


మరిపెడ,
సెప్టెంబరు.

ప్రసన్నా,

నిన్ను ఒక్కటే అడిగాను, చూపించవద్దని.

వాడి మాట విన్నావు, నా మాట కూడా విను. నాకు పదేళ్లుంటాయి. ఎడమ సమాధి తల దగ్గర పిచ్చిమొక్కలు పీకుతున్నాను. అమ్మ వెనక నిలబడి ఉంది. బాపు ఇక్కడే కదా అమ్మా అన్నాను. "అవు బిడ్డా, అదే. మంచిగ పీకు" అంది. నా తల మీద చెయ్యి కూడా పెట్టింది. ఆ చేతికి సున్నం ఉంది, జుట్టంతా బిరుసెక్కి మర్నాడు బడిలో అందరూ నవ్వారు. ఇది నేను కలగన్నది కాదు.

అప్పటికి తమ్ముడికి ఆరేళ్లు. ఆరేళ్లవాడికి ఏం యాదుంటుంది? అడిగింది ఒకటి, అమ్మ చెప్పింది ఇంకొకటి అయి ఉంటుంది.

నీకు చేతకాకపోతే కాగితాలు తిప్పి పంపు. వినోద గారు ఇంకెవరినైనా చూసుకుంటారు. ఊర్లో అందరూ నీ బొమ్మల గురించి అడుగుతున్నారు, వాళ్లకు ఏదో ఒకటి చెప్పుకుంటాను.

రాహేలు


కాజీపేట,
సెప్టెంబరు చివర.

అత్తమ్మా,

కింద రాహేలు అని మాత్రమే పెట్టావు. అత్తమ్మ అనే మాట ఎక్కడో జారిపోయినట్టుంది, నేను ఏరుకొచ్చి పైన పెట్టుకున్నాను.

కాగితాలు తిప్పి పంపడం లేదు. ఒక బొమ్మ పంపుతున్నాను. కవరు విప్పే ముందు ఇది చదువు.

నేను బొమ్మ ఎట్లా వేస్తానో నీకు చెప్పలేదు. ముందు పల్చటి కాగితం మీద పెన్సిలుతో గీసుకుంటాను. అది కుదిరాక కిటికీ అద్దానికి అంటించి, పైన దళసరి కాగితం పెడతాను. వెలుతురులో కింది గీత పైకి కనిపిస్తుంది. దాని మీద సిరా పోనిస్తాను. సిరా ఆరాకే రంగు. ఒకసారి కుదిరిన మనిషిని మళ్లీ మళ్లీ గీయక్కరలేదు, అదే కాగితం ఇంకో బొమ్మ కింద పెట్టుకోవచ్చు. నానమ్మ నాకు ఒకే ఒక్కసారి కుదిరింది. రెండు సమాధుల మధ్య డాల్డా డబ్బా పట్టుకుని నిలబడినప్పుడు. అద్దంలో నా పెదవి చూసుకుంటూ గీశాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు కోపంతో కూర్చుని నువ్వు చెప్పింది గీశాను. పదేళ్ల పిల్ల, ఎడమ సమాధి, పిచ్చిమొక్కలు, వెనక ఆ నానమ్మే. తర్వాత డాడీ చెప్పింది గీశాను. ఇంకో కాగితం మీద కుడి సమాధి ఎక్కి కూర్చున్న బుడ్డోడు, వెనక మళ్లీ ఆ నానమ్మే. రెండిట్లో ఎవరిది నిజమో చూద్దామని రెండు కాగితాలూ కలిపి కిటికీకి పెట్టాను.

అత్తమ్మా, అవి రెండు బొమ్మలు కావు. ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ఎడమవైపు నువ్వు, కుడివైపు డాడీ, మధ్యలో నానమ్మ. నీకు అవు బిడ్డా అంటోంది, డాడీకి అవు కొడుకా అంటోంది. మీరిద్దరూ ఒకే మాట చెబుతున్నారు. ఇద్దరికీ బాగానే యాదుంది. నీ జుట్టులో సున్నం నిజం, డాడీని కూసో అన్నదీ నిజం.

నీ కథ మూడో పేజీ నువ్వే మళ్లీ చదువు. ఆమె మట్టి ఇవ్వడానికి రాలేదని రాశావు. సిలువలు చెదలు తినేశాయని రాశావు. దవాఖాన నుంచి వచ్చి ఎవరిని అడిగినా ఆ రెండిట్లో ఒకటి అన్నారని కూడా రాశావు. అన్నీ రాసి, ఆ తర్వాత ఒక్కటి రాయలేదు. నానమ్మకు తెలియదు. ఎప్పుడూ తెలియలేదు. పక్కాయనకు ఎవరూ లేరని కాదు రెండిటికీ సున్నం వేసింది.

మీకు ఆ సంగతి చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. నాకు అంతే అర్థమైంది. తండ్రి లేని ఇద్దరు పిల్లలు ఇదేనా అని ఆశగా అడుగుతుంటే ఏమో అని ఏ తల్లి అంటుంది? ఎవరు ఏది ముట్టుకుంటే దాన్నే ఇచ్చింది. నాకన్నా నీకే ఆమె బాగా తెలుసు, తప్పయితే చెప్పు.

ఇక బొమ్మ. కిటికీ దగ్గర కలిసిన ఆ ముగ్గురినీ ఒకే దళసరి కాగితం మీదికి ఎక్కించాను. రంగులు వేసేటప్పుడు ఇంకొకటి చూశాను. నీళ్లరంగుల్లో తెలుపు పూయరు, కాగితాన్ని ముట్టుకోకుండా వదిలేస్తారు. గడ్డి వేశాను, గోడ వేశాను, చీర వేశాను, మట్టి వేశాను. సమాధులను మాత్రం అసలు వేయలేదు. చుట్టూ వేస్తూ పోతే అవే రెండూ తెల్లగా మిగిలాయి, ఏది ఎవరిదో చెప్పకుండా. డాడీ అన్నాడని నీడల్లో కొంచెం నీలం పెట్టాను. ఆకుపచ్చ తక్కువే.

ఇది డాడీకి ఇంకా చూపించలేదు. ముందు నీకే. కథ నీది.

నీ కోడలు పిల్ల
ప్రసన్న


మరిపెడ,
అక్టోబరు రెండో వారం.

చిరంజీవి ప్రసన్నా, తల్లీ,

జవాబుకు ఆలస్యమైంది. బొమ్మను టేబుల్ మీద పెట్టుకుని అటు పోతూ ఇటు పోతూ చూస్తున్నాను. మీ మామయ్య అన్నానికి పిలిచింది వినిపించలేదని నెపం పెట్టాను. ఆ రోజు నిజానికి వినిపించింది.

నువ్వు రాసింది తప్పు కాదు. తప్పని రుజువు చేద్దామని చాలా వెతికాను. అమ్మ ఏ ఏడు ఏ సమాధికి ముందు సున్నం వేసేదో యాదికి తెచ్చుకున్నాను. ఒక ఏడు ఇది, ఒక ఏడు అది. దండ కూడా రెండుగా తెంపేది. పక్కాయన ఏమనుకుంటాడని తమ్ముడిని, నన్ను మందలించేది. నేను అదంతా మంచితనం అనుకున్నాను. ఆమెకు అదొక్కటే దారి అని తట్టలేదు. పిల్లల వ్యాసాల్లో ఎక్కడ ఏ వాక్యం తగ్గిందో ఇట్టే పట్టేదాన్ని, నా కథలోది పట్టలేకపోయాను.

నీకు ఒకటి చెప్పాలి. ఇది రాయడం కష్టంగా ఉంది. పదో తరగతి పాసైన సంగతి, టీచర్ ట్రైనింగుకు సీటొచ్చిన సంగతి, మీ మామయ్య ఎట్లాంటివాడో తెలియక పెళ్లికి ముందు పడ్డ భయం, అన్నీ ఆ ఎడమ సమాధికి చెప్పుకున్నాను. బాపుతో మాట్లాడాననుకున్నాను. ఇప్పుడు అది బాపో, ఎక్కడినుంచో వచ్చిన ఆ కూలీయో తెలియదు. బాపు కొంచెం దూరం జరిగినట్టుంది. రెండు రోజులు ఆ దిగులుతోనే ఉన్నాను. తర్వాత నవ్వొచ్చింది. ఎవరైతేనేం, పాపం నా గోల అంతా ఓపికగా విన్నాడు. అట్లాంటి మనిషిని ఆ రోజు అందరి ముందూ పరాయోడన్నాను.

వినోద గారికి రాశాను. చివరి పేజీ తీసేయమన్నాను. తల్లి రెండు సమాధులకూ సున్నం వేసి, చెయ్యి కడుక్కుని, అటుకుల మూట విప్పుతుంది. పిల్లలు చెరో సమాధి మీద కూర్చుని తింటారు. అంతే. ఇదే బాగుందని ఆమె జవాబు రాసింది. నీ బొమ్మ ఆ చివరికే వస్తుంది. మిగతా రెండూ కూడా ఈ చేత్తోనే వెయ్యి.

సమాధుల పండుగ దగ్గరికి వస్తోంది. నాకు రావాలని ఉంది. కాని వాడి ఇంటి మీదుగా పోయి, వాడిని కలవకుండా నా మానాన నేను సున్నం వేసుకుని రావడం నా వల్ల కాదు. వాడు రమ్మంటే వస్తాను. అనకపోతే నన్ను రమ్మనమని వాడిని బతిమాలకు. ఈ ఉత్తరం వాడికి చూపిస్తావో లేదో నీ ఇష్టం. ఈసారి చూపించవద్దని చెప్పడం లేదు.

మీ అత్తమ్మ


కాజీపేట,
అక్టోబరు మూడో వారం.

అత్తమ్మా,

నీ ఉత్తరం, బొమ్మ నకలు రెండూ డాడీ ముందు పెట్టి నేను స్కూటీ తీసుకుని బయటికి పోయాను. అట్లా పారిపోతానని నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు, ఈసారి ఒప్పుకుంటున్నాను. స్టేషన్ ఘన్‌పూర్ దాకా పోయి, అక్కడ ఒక చాయ్ తాగి, తిరిగి వచ్చాను.

వచ్చేసరికి ఇంట్లో టీవీ ఆపేసి ఉంది. మమ్మీ వంటింట్లోంచి సైగ చేసింది, ఏడ్చాడని. నేను పోయి పక్కన కూర్చున్నాను. "ఇద్దరికీ అవునన్నదా" అన్నాడు. అవును డాడీ అన్నాను. "మా అమ్మనే" అన్నాడు. నవ్వాడో, మరేం చేశాడో, నాకు తెలియలేదు. భుజాలు మాత్రం కదిలాయి.

తర్వాత అడిగినవన్నీ పని ప్రశ్నలే. సున్నం దుకాణం ఇంకా అక్కడే ఉందా అని. కొబ్బరి పీచు కుంచె కట్టడం మీ అత్తకు ఇంకా వచ్చా అని. మధ్యలో నా వైపు తిరక్కుండా, పత్రికలో బొమ్మ కింద నా పేరు కూడా వేస్తారా అని అడిగాడు. వేస్తారన్నాను. ఇంటిపేరుతో సహా వేయమని చెప్పాలట.

నీకు రాస్తున్నానంటే, తనూ రెండు ముక్కలు రాస్తానని కాగితం లాక్కున్నాడు. చేతికి నా సిరా కలమే దొరికింది. కింద మరకలన్నీ ఆయనవే, నావి కావు.

ప్రసన్న

అక్కా,

పండుగ ముందురోజు పొద్దుటి బస్సుకు రా. హనుమకొండ బస్టాండ్ కాడ నేనుంట. బావను గూడ తీసుకరా, నీ మరదలు జ్యోతి చేపల పులుసు చేస్తనంటాంది.

సున్నం మూడిటికి సరిపోయేంత తెస్త. ఇది నువ్వు, అది నేను అని పంచుకునుడు వద్దు. ఇద్దరం కలిసి మూడిటికి వేద్దాం. వంగే పని నాది.

బొమ్మ చూసిన. మంచిగనే ఏసింది. కని నీకు ఒక్క జడ ఏసింది. నీకు రెండు జడలుండె. రిబ్బన్ ఒక్కదానికే ఉండాలె. రెండోది ఇప్పి నా కాలి వేలికి కట్టినవ్, ఆ గోడ కాడ రాయి తాకి నెత్తురు కారితే. నాకు యాదున్నది. సిరా చెరగదంట, బొమ్మంతా మొదటికెంచి మల్ల ఎయ్యాలెనంట. ఎయ్యమన్న.

నీ తమ్ముడు
ఆనందరావు